ముచ్చిక కింది నల్లి, దాని పాతకాలపు చుట్టం



కొబ్బరితోట ఉన్న ప్రతి ఇంటివారికీ ముచ్చిక తెలుసు. పిందె తలమీద టోపీలా కూర్చుని, కాయ ఎదిగేవరకూ దాన్ని పట్టి ఉంచే భాగం అది. అయితే ఆ ముచ్చికను మెల్లగా ఊడదీసి, దాని లోపలివైపు భూతద్దం పెట్టి చూసినవారు మనలో ఎందరున్నారు? కాయమీద గోధుమరంగు మచ్చలు, పగుళ్లు, కారిన జిగురు ఉన్న గెలలోంచి ఒక లేత పిందెను కోసి చూడండి. ముచ్చిక కింద పాలిపోయిన చుక్కలవంటివి కనిపిస్తాయి. కాసేపు కళ్లార్పకుండా చూస్తే ఆ చుక్కలు కదులుతాయి. అదే మన రైతులు ఎరియోఫిడ్ నల్లి అని పిలిచే జీవి.

దీని పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. చిన్న పురుగు ఆకారం, పాలమీగడ రంగు. సాధారణంగా నల్లిజాతి జీవులకు ఎనిమిది కాళ్లుంటాయి, దీనికి మాత్రం నాలుగే. రెక్కలు లేవు. గాలే దీన్ని ఒక చెట్టునుండి మరో చెట్టుకు మోసుకుపోతుంది. మెక్సికో దేశంలోని గెర్రెరో ప్రాంతపు కొబ్బరికాయలమీద దొరికిన ఈ నల్లికి 1965లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. మన దేశంలో దీన్ని మొదట గుర్తించినది 1998లో, కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో. కొద్ది సంవత్సరాల్లోనే అది మన తీరానికీ వచ్చింది. కంటికి ఆనని ఈ ప్రాణి కాయను చిన్నదిగా చేసి, పీచును గట్టిపరచి, రైతు చేతికి రావలసిన డబ్బుకు గండికొట్టింది.

ఈ నల్లికి చాలా పాత చుట్టం ఒకటి ఉంది. దాని కథ వింటే భూతద్దం పట్టుకోవాలని మీకే అనిపిస్తుంది.

జిగురుబొట్టులో దొరికిన చుట్టం

ఇటలీ దేశం ఉత్తరాన డోలమైట్ అనే పర్వతాలున్నాయి. అక్కడ కోర్టినా డాంపెట్జో అనే ఊరి దగ్గర నేలలో మిల్లీమీటర్ల కొలతలో ఉండే అంబర్ బొట్లు దొరుకుతాయి. ఇవి దాదాపు 23 కోట్ల సంవత్సరాల కిందటి చెట్లనుండి కారినవి. శాస్త్రజ్ఞులు సుమారు 70,000 బొట్లను ఒక్కొక్కటిగా సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. అన్నింటిలో వారికి దొరికినవి మూడే మూడు ప్రాణులు. ఒకటి చిన్న ఈగజాతి ముక్క. మిగిలిన రెండూ నల్లులు, మన కొబ్బరినల్లి వంశానికి చేరినవే. వాటికీ నాలుగే కాళ్లు! ఈ సంగతి 2012లో ప్రకటించారు. అప్పటికి అంబర్‌లో దొరికిన కీటకజాతి జీవులన్నిటిలోనూ అవే అతి పాతవి.

డెబ్బైవేల బొట్లు వెతికితే మూడు ప్రాణులు. అంత ఓపిక మనకు లేకపోవచ్చు. కానీ ఆ చుట్టాన్ని చూడటానికి వారు పడ్డ శ్రమలో వెయ్యోవంతు కూడా పడకుండానే, దాని బంధువును మన పెరట్లో చూడగలం కదా!

అంబర్ అంటే ఏమిటి?

అంబర్ రాయి కాదు. చెట్టుకు గాటు పడినప్పుడు కారే జిగురు గట్టిపడి, మట్టికింద కోట్ల ఏళ్లు ఉండి మారినది. పాత పుస్తకాల్లో దీన్ని తృణమణి అన్నారు. బట్టమీద రుద్దితే గడ్డిపరకను దగ్గరకు లాక్కుంటుంది కాబట్టి ఆ పేరు. గ్రీకులు దీన్ని ఎలెక్ట్రాన్ అనేవారు. ఇప్పుడు మనం వాడే ఎలక్ట్రిసిటీ అనే మాట అక్కడినుండే వచ్చింది. అత్తరు దుకాణాల్లో అంబరు అని చెప్పే సుగంధద్రవ్యం వేరు. అది తిమింగలం కడుపులో తయారయ్యేది. పేర్లు దగ్గరగా ఉన్నా రెండింటికీ సంబంధం లేదు.

ఇక్కడ పిల్లలు స్వయంగా చేయగల చిన్న పరీక్ష ఒకటి ఉంది. ఒక గ్లాసు నీటిలో తుమ్మబంక ముక్కను, మరో గ్లాసులో గుగ్గిలం ముక్కను వేసి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి తుమ్మబంక ఉబ్బి కరగడం మొదలుపెడుతుంది. గుగ్గిలం ఎలా వేసింది అలాగే ఉంటుంది. తుమ్మ, మునగ చెట్లనుండి కారేది నీటిలో కరిగే బంక. అది ఎన్నేళ్లయినా అంబర్ కాదు. గుగ్గిలంలాగా నీటికి లొంగని జిగురే అంబర్‌గా మారుతుంది. పూర్వం పడవ చెక్కల సందుల్లో నీరు దూరకుండా గుగ్గిలం నూనెలో కాచి పూసింది ఈ గుణంవల్లనే. జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన మూడు కానుకల్లో సాంబ్రాణి, బోళం కూడా ఇలా చెట్టు గాటునుండి కారి గట్టిపడినవే.

చెట్టునుండి కారిన జిగురులో చీమో, దోమో, సాలీడో చిక్కుకుంటుంది. మీదినుండి ఇంకొక పొర కారి దాన్ని కప్పేస్తుంది. లోపలికి గాలి ఆడదు, కుళ్లు పట్టదు. జిగురులోని ఆవిరయ్యే నూనెలు మెల్లగా పోయి, మిగిలినది గొలుసులుగా బిగిసి గట్టిపడుతుంది. చివరికి ఆ ప్రాణి మీసాలు, కాళ్లమీది నూగు, రెక్కలలోని ఈనెలు కూడా చెదరకుండా మిగిలిపోతాయి.

మన దేశపు అంబర్

అంబర్ ఇటలీలోనే దొరుకుతుందని అనుకోకండి. గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో వస్తాన్ అనేచోట లిగ్నైట్ గని ఉంది. అక్కడి నల్లటి పొరల్లో 5 కోట్ల సంవత్సరాలు దాటిన అంబర్ ఉంది. మన దేశస్థులు, జర్మనీ, అమెరికా దేశాలవారు కలిసి దాన్ని పరిశీలించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 150 కిలోల అంబర్‌లో 700లకు పైగా కీటకాలు, సాలీళ్లవంటి ప్రాణులు కనిపించాయి. చీమలు, చెదలు, ఈగలు, తేనెటీగల చుట్టాలు అన్నీ ఉన్నాయి. ఆ జిగురు కారిన చెట్లు ఏ కుటుంబానివో తెలుసా? గుగ్గిలమిచ్చే సాలవృక్షపు కుటుంబానివే. అదే కుటుంబపు చెట్టొకటి మన శేషాచలం కొండల్లో ఈనాటికీ ఉంది.

ఆ చిన్న ప్రాణులు పెద్ద సంగతి ఒకటి చెప్పాయి. ఒకప్పుడు మన దేశపు భూభాగం సముద్రంలో ద్వీపంలా విడిగా ఉండి, ఉత్తరదిక్కుకు జరిగి ఆసియా ఖండాన్ని ఢీకొంది. అంతకాలం ఒంటరిగా ఉంది కాబట్టి ఇక్కడి పురుగులు ఎక్కడా లేనివై ఉంటాయని పండితులు అనుకున్నారు. గుజరాత్ అంబర్‌లోని పురుగులకు మాత్రం ఐరోపాలోను, ఆసియాలోను, మధ్య అమెరికాలోను కూడా బంధువులు కనిపించారు. అంటే మధ్యలో ద్వీపాలమీదుగా రాకపోకలు జరిగి ఉండాలి. ఖండాల చరిత్రకు చీమలు సాక్ష్యం చెప్పాయన్నమాట.

మన పెద్దలు రంగం వెళ్లిన బర్మాలోనూ అంబర్ ఉంది. ఆ దేశపు ఉత్తరాన కాచిన్ రాష్ట్రంలో, హుకాంగ్ లోయలో దొరికేది దాదాపు 9 కోట్ల 90 లక్షల సంవత్సరాల నాటిది. ఈ లెక్క ఎలా కట్టారని పిల్లలు తప్పక అడుగుతారు. ఆ అంబర్ ఉన్న పొరలో అగ్నిపర్వతపు బూడిదనుండి వచ్చిన జిర్కాన్ అనే సన్నని రవ్వలుంటాయి. వాటిలోని యురేనియం ఒక లెక్క ప్రకారం మెల్లగా సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే ఎంతకాలం గడిచిందో తెలుస్తుంది. ఆవిధంగా ఈ వయసు 2012లో తేలింది.

గోదావరి గట్టుమీది గవ్వలు, నాగపూరు పాదిరి

మన కోనసీమలో అంబర్ లేదు. నది తెచ్చిన ఒండ్రుమట్టి తప్ప రాయే లేదు. కానీ మన ఇళ్ల స్లాబులకు, రోడ్లకు వాడే నల్లకంకర ఎక్కడిదో తెలుసు కదా! గోదావరికి అవతల గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీలనుండి లారీల్లో వస్తుంది. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట పడమటి దిక్కున పొంగి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది. రాజమండ్రి దగ్గరి కాతేరులోను, ఆ క్వారీలలోను రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఒకటి ఉంది. అందులో నత్తలు, గవ్వలు, ఇసుకరేణువుకంటే చిన్నవైన సముద్రజీవుల గుల్లలు రాయిగా మారి ఉన్నాయి.

ఈ గవ్వలను మొదట పరీక్షించి వర్ణించినవారిలో ఒక మిషనెరీ ఉన్నాడు. ఆయన పేరు స్టీఫెన్ హిస్లాప్. 1817లో స్కాట్లండులో పుట్టి, 1845లో నాగపూరు చేరి, అక్కడ బడి పెట్టి, సువార్త పనిచేశాడు. తోటి మిషనెరీ రాబర్ట్ హంటర్‌తో కలిసి తీరిక వేళల్లో చుట్టుపక్కల రాళ్లు పరిశీలించేవాడు. నాగపూరు పక్కనున్న తాక్లీ అనేచోట వారికి రాయిలో నత్తగుల్లలేగాక పెంకుపురుగుల రెక్కడిప్పలు కూడా దొరికాయి. 1860లో ఆండ్రూ మర్రే అనే పండితుడు ఆ పురుగులను వర్ణించినప్పుడు ఒకదానికి హిస్లాప్ పేరు, మరొకదానికి హంటర్ పేరు పెట్టాడు. అదే సంవత్సరం హిస్లాప్ లావా పొరల మధ్య దొరికిన గవ్వలనుగూర్చి వ్రాసిన వ్యాసంలో మన రాజమండ్రి గవ్వలు కూడా ఉన్నాయి. 1863 సెప్టెంబరులో తాకల్‌ఘాట్ దగ్గర పాతకాలపు రాతి సమాధులను చూసి, రాత్రివేళ గుర్రంమీద తిరిగివస్తూ, పొంగిన వాగులో పడి ఆయన చనిపోయాడు. నాగపూరులోని హిస్లాప్ కాలేజీ ఆయన జ్ఞాపకార్థం పేరు పెట్టుకున్నదే.

ఆ గవ్వల పొర ప్రాముఖ్యం అంతటితో ఆగలేదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, ఆమె తోటివారు రాజమండ్రి ప్రాంతపు క్వారీలలోని సూక్ష్మజీవుల గుల్లలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. రాక్షసబల్లులు అంతరించిన కాలానికీ, ఈ లావా పొంగిన కాలానికీ ఉన్న దగ్గరితనాన్ని చెప్పింది ఆ గుల్లలే. గుప్పెడు గవ్వలకు ఊరి పేరు చేర్చి కాగితంమీద పెట్టినందువల్లనే, నూటయాభై ఏళ్ల తరువాతివారికి కూడా ఎక్కడ వెతకాలో తెలిసింది. ఈ సరదాలో సగం విలువ చూడటంలో ఉంటే, మిగతా సగం వ్రాసి ఉంచడంలో ఉంది.

ఇంట్లో మొదలుపెట్టడం ఎలా?

దీనికి కావలసినవి నాలుగే: పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, తెల్లకాగితం, చిన్న సీసాలు, ఒక నోటుపుస్తకం. భూతద్దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, చూడవలసిన వస్తువునే దానిదగ్గరకు తేవాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేసి ఏమీ కనబడలేదంటారు. ఇంకా లోతుగా చూడదలచినవారికి ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని ఉంది. మీరట్‌లో పుట్టి, అమెరికాలో ప్రొఫెసరుగా ఉన్న మను ప్రకాష్, ఆయన విద్యార్థి కలిసి దీన్ని తయారుచేసి 2014లో వివరాలు ప్రకటించారు. ఇది 140 రెట్లు పెద్దదిగా చూపుతుంది.

బియ్యం డబ్బాలోని ముక్కుపురుగుతో మొదలుపెట్టండి. దాని ముక్కు చివరనే నోరుంటుంది. తరువాత చీమ. చీమను చూసి బుద్ధి తెచ్చుకొమ్మని సొలొమోను సోమరికి చెప్పిన సంగతి మనకు తెలిసిందే. భూతద్దంలో చూస్తే దాని మీసం మోచేతిలా వంగి ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది. తొలకరి వానల తరువాత దీపం దగ్గర చేరే ఉసిళ్లను దాని పక్కన పెట్టి చూడండి. వాటి మీసం తిన్నగా, నడుము లావుగా, నాలుగు రెక్కలూ ఒకే పొడవున ఉంటాయి. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలు. అవి ఇంటిగోడ మూలలోంచి బయటికి వస్తే, తలుపులు, దూలాలు వెంటనే చూసుకోవాలి.

ఆరుద్ర కార్తెలో వచ్చే ఎర్రటి మఖమల్ పురుగును పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుంటారు. కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. అంటే అది కీటకం కాదు, నల్లిజాతికి చెందినది. మన కొబ్బరినల్లికీ, ఇటలీ అంబర్‌లోని నల్లులకూ దూరపు బంధువు. చూశాక దాన్ని మట్టిలో వదిలిపెట్టించండి.

చూసిన ప్రతిదానికీ పుస్తకంలో తేదీ, చోటు, చెట్టుపేరు వ్రాయాలి. బొమ్మ వంకరగా ఉన్నా ఫరవాలేదు, గీయాలి. కాళ్లెన్ని, రెక్కలెన్ని అని వ్రాస్తే చాలు.

చూపు వల్ల మిగిలే డబ్బు

ఇదంతా కాలక్షేపమేనా అని గృహస్థులు అడగవచ్చు. తెల్లదోమ సంగతి చెబుతాను, వినండి. కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి మైనంతో చుట్లుచుట్లుగా గుడ్లుపెట్టే సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో మొదట 2016లో, తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో గుర్తించారు. తరువాత అది మన గోదావరి జిల్లాల తోటలకు కూడా వచ్చింది. దీని తేనెవంటి విసర్జన కింది ఆకులమీద పడి, దానిమీద నల్లటి మసి పెరుగుతుంది. తోట నల్లబడగానే గుండె గుభేలుమని రైతు మందు డబ్బాకోసం పరుగెత్తుతాడు.

అప్పుడే భూతద్దం అవసరం. తెల్లదోమ వెనకాలే, ఎవరూ ప్రత్యేకంగా తెచ్చి వదలకపోయినా, ఎన్‌కార్సియా అనే కందిరీగజాతి పురుగు కూడా వచ్చింది. దాని పొడవు మిల్లీమీటరు కూడా ఉండదు. అది తెల్లదోమ పిల్లలో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డునుండి వచ్చినది తెల్లదోమ పిల్లను లోపలినుండి తినేస్తుంది. అప్పుడు ఆ పిల్ల నల్లబడుతుంది. ఆకు అడుగున భూతద్దం పెట్టి ఆ గూళ్లను చూడండి. గుండ్రని రంధ్రం ఉంటే అందులోంచి ఎన్‌కార్సియా బయటికి వచ్చినట్టు. చీలిక ఉంటే తెల్లదోమే ఎగిరిపోయినట్టు. నల్లబడినవి, గుండ్రని రంధ్రాలవి ఎక్కువగా ఉన్న తోటలో ఘాటైన పురుగుమందు కొడితే ఏమవుతుంది? మన తరఫున పోరాడే పురుగు ముందు చస్తుంది. మిగిలిన తెల్లదోమ అడ్డులేకుండా పెరుగుతుంది. మందు ఖర్చు, కూలి ఖర్చు, పంట నష్టం మూడూ మన నెత్తినే పడతాయి.

కాబట్టి ముందు లెక్కపెట్టండి. నాలుగు చెట్లు, చెట్టుకు ఒక ఆకు, ఆకుకు కొన్ని ఈనెలు. తెల్లనివి ఎన్ని, నల్లనివి ఎన్ని అని వ్రాయండి. ఆ కాగితం, ఆకు ముక్క తీసుకుని అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానానికి వెళ్లండి. తెల్లదోమను చంపే ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రంగురించి, మిత్రపురుగులగురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. ఆకుల అడుగు భాగాన నీటిని ఒత్తిడితో కొట్టినా తెల్లదోమ తగ్గుతుంది. మసి పట్టిన ఆకులమీద ఒక శాతం గంజి కలిపిన నీరు చల్లితే, గంజి ఎండి పెచ్చులుగా రాలుతూ మసిని కూడా తీసుకుపోతుంది. లెక్క వ్రాసుకుని వెళ్లిన రైతుకు దొరికే సలహా, "తోటంతా పాడైపోయిందండీ" అని చెప్పిన రైతుకు దొరకదు.

అంబర్ కొనవలసిన పనిలేదు

పట్నాల్లో పురుగు ఉన్న అంబర్ అని చెప్పి లాకెట్లు, రాళ్లు అమ్ముతారు. పెద్ద పురుగు, చక్కగా కాళ్లు చాచి, సరిగ్గా మధ్యలో ఉంటే అనుమానించండి. ప్లాస్టిక్‌లో పురుగును పోతపోసినవి చాలా ఉన్నాయి. నీటిలో కరిగినంత ఉప్పు కలిపి వేస్తే నిజమైన అంబర్ తేలుతుంది, చాలా రకాల ప్లాస్టిక్ మునుగుతుంది. బర్మా అంబర్ దొరికే కాచిన్ రాష్ట్రంలో సైన్యానికీ, అక్కడి పోరాట దళాలకూ యుద్ధం నడిచింది. 2017లో సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని ఆక్రమించింది. ఆ రాళ్ల వ్యాపారం వెనుక కన్నీళ్లున్నాయని శాస్త్రజ్ఞులే హెచ్చరించారు. వేడుకకోసం అటువంటిది కొనడం ఎందుకు?

1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమా చూసి, అంబర్‌లోని దోమ రక్తంతో రాక్షసబల్లిని మళ్లీ పుట్టించవచ్చని నమ్మే పిల్లలున్నారు. అది కథ మాత్రమే. అంబర్ పురుగులనుండి డీఎన్ఏ తీశామని కొందరు ఆ రోజుల్లో చెప్పినా, తరువాత జాగ్రత్తగా పరీక్షించినవారికి ఏమీ దొరకలేదు. ఆకారం నిలిచింది, జీవపదార్థం నిలవలేదు.

ఈ నెల మీ ఇంటికి ఒక పని. ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలయ్యాక, పిల్లలను తీసుకుని పెరట్లోకి వెళ్లండి. ఒక కొబ్బరి ఆకు, రాలిపడిన ఒక పిందె చాలు. తాతగారిని, అమ్మమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. ఏ పురుగును ఏ పేరుతో పిలిచేవారో చెప్పమనండి. ఆ పేర్లు పుస్తకాల్లో దొరకవు, వారితోనే పోతాయి. చూసినది, విన్నది వ్రాసి, తేదీ వేసి, ఊరిపేరు పెట్టి మాకు పంపండి. నల్లనివి ఎన్ని, తెల్లనివి ఎన్ని అన్నది మాత్రం మరువకండి.